అమ్మేసిన షేర్లు ఇంకా జాబితాలో కనబడుతుంటే: పద్దుల సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతికే విధానం

షేర్లు అమ్మేసి, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడి, ఆ సంగతే మరచిపోయిన కొన్ని వారాల తరువాత సొంత పద్దుల సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే, అవే షేర్లు అదే సంఖ్యలో, పైగా ఆనాటి మార్కెట్ ధరతో సహా జాబితాలో కనబడడం లెక్కలు రాసుకునే అలవాటున్న వారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కే. దీనివల్ల మొత్తం ఆస్తి విలువ ఉన్నదానికన్నా ఎక్కువగా చూపబడుతుంది. అమ్మగా వచ్చిన నగదు ఒకవైపు, అమ్మిన షేర్ల విలువ మరొకవైపు చేరి, ఒకే సొమ్మును రెండుసార్లు కూడినట్లవుతుంది. ఇలాంటిది కంటబడగానే చాలామంది చేతులు ఆ షేరును జాబితా నుంచి తొలగించే మీట వైపు వెళతాయి. అది ఎంతమాత్రం చేయకూడని పని. ఎందుకన్నది కాస్త ముందుకు వెళ్ళాక చెబుతాను.

ఏ ప్రయత్నానికైనా ముందు ఫైలుకు ఒక బ్యాకప్ తీసి, ఆ రోజు తేదీతో వేరేచోట భద్రపరచండి. ఈ కింద చెప్పే దిద్దుబాట్లలో కొన్ని పాత సంవత్సరాల లెక్కలను కూడా కదిలిస్తాయి కనుక, వెనక్కు వెళ్ళే దారి ఒకటి తెరిచి ఉంచుకోవాలి.

జాబితా ఎక్కడి నుంచి వస్తుంది

క్వికెన్, గ్నూక్యాష్, మనీడాన్స్, పోర్ట్‌ఫోలియో పర్‌ఫార్మెన్స్ వంటి సాఫ్ట్‌వేర్లు పైకి ఎంత వేరుగా కనబడినా, మూలసూత్రం మాత్రం ఒక్కటే. మీ దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయన్నది మీరు ఒకచోట రాసి ఉంచిన అంకె కాదు; నమోదైన లావాదేవీల నుంచి లెక్కగట్టిన ఫలితం. కొన్నవి, బోనస్‌గా వచ్చినవి, డివిడెండ్‌తో తిరిగి కొన్నవి, వేరే ఖాతా నుంచి బదిలీ అయి వచ్చినవి అన్నీ కూడి, అందులో నుంచి అమ్మినవి, బదిలీ అయి వెళ్ళినవి తీసివేయగా మిగిలిన సంఖ్యను ఆనాటి ధరతో హెచ్చవేసి తెరపై చూపుతుంది. కాబట్టి అమ్మిన షేరు ఇంకా కనబడుతోందంటే, ఆ కూడికలో ఏదో ఒక పద్దు లేదు, లేదా తప్పుగా ఉంది, లేదా ఉండవలసిన చోట కాక ఇంకోచోట ఉంది. జాబితా అద్దం వంటిది. అద్దంలో మరక కనబడితే తుడవవలసింది ముఖాన్ని.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బ్రోకర్ ఖాతాకు ఆన్‌లైన్‌లో అనుసంధానమై, అక్కడి నిల్వలను ఉన్నవున్నట్టు తెచ్చి చూపే సాఫ్ట్‌వేర్లు లావాదేవీలను కూడవు. ఆఖరిసారి అందిన జాబితానే ప్రదర్శిస్తాయి. మీరు వాడుతున్నది ఏ తరహాదో ముందు తేల్చుకోవాలి. ఆ షేరుకు సంబంధించిన పాత కొనుగోలు పద్దును తెరిచి, సంఖ్యను ఒకటి పెంచి చూడండి. జాబితాలో అంకె వెంటనే మారితే అది లెక్కగట్టే తరహా. మారకపోతే తెచ్చి చూపే తరహా. పరీక్ష అయిన వెంటనే పాత సంఖ్యను తిరిగి రాయడం మరువవద్దు. రెండవ తరహా గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ముందుగా చూడవలసింది సంఖ్య

విలువను కాసేపు పక్కన పెట్టి, ఎన్ని షేర్లు లేదా యూనిట్లు మిగిలినట్లు చూపుతోందో దాన్ని మాత్రమే చూడండి. చూసే ముందు నివేదిక తేదీ ఈ రోజుకు ఉందో లేదో గమనించండి. క్రితం నెలాఖరు తేదీతో తీసిన నివేదికలో ఆ తరువాత అమ్మిన షేర్లు కనబడడం తప్పేమీ కాదు, అదే సరైన లెక్క. తేదీ సరిగానే ఉంటే, మిగిలిన సంఖ్య దానంతట అదే చాలా విషయాలు చెబుతుంది. నా అనుభవంలో ఇంతకన్నా త్వరగా తప్పు దగ్గరకు చేర్చే దారి మరొకటి లేదు.

మిగిలిన సంఖ్య మీరు అమ్మిన సంఖ్యతో సమానంగా ఉంటే, అమ్మకం పద్దు ఆ షేరుకు చేరనే లేదు. అమ్మిన దానికి సరిగ్గా రెండింతలు ఉంటే, అమ్మకం కాస్తా కొనుగోలుగా నమోదైంది. సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) నుంచి తెచ్చుకునేటప్పుడు సంఖ్య ముందున్న రుణ (మైనస్) చిహ్నం పోతే జరిగేది ఇదే. ఎప్పుడో చేసిన ఒకానొక కొనుగోలు సంఖ్యతో సరిపోలితే, ఆ కొనుగోలు రెండుసార్లు నమోదై ఉంటుంది. ఒకటికన్నా తక్కువ, అంటే 0.0003 వంటి ముక్క మిగిలితే అది గుండ్రింపు (రౌండింగ్) తేడా. ఒకటి రెండు యూనిట్లు మిగిలితే, అమ్మకం నాటికి చేరిన ఆఖరి డివిడెండ్ యూనిట్లను అమ్మకంలో కలపలేదేమో చూడాలి. ఉన్నవాటికి ఏడింతలో తొమ్మిదింతలో మిగిలినా, రుణ సంఖ్య కనబడినా, స్ప్లిట్, అంటే సంస్థ తన ఒక్కో షేరును అనేకంగా విడగొట్టడం లేదా అనేకాన్ని ఒకటిగా కలపడం, దాని పద్దును అనుమానించాలి. ఇక సంఖ్య సున్నా అయి ఉండి కూడా పేరు మాత్రం కనబడుతుంటే, లెక్కలో తప్పేమీ లేదు.

ఈ ఆఖరి సంగతిని ముందే ముగిద్దాం. సున్నా నిల్వ ఉన్న షేర్లను చూపాలా వద్దా అన్నది చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక ఎంపిక మాత్రమే. గ్నూక్యాష్‌లోని అడ్వాన్స్‌డ్ పోర్ట్‌ఫోలియో నివేదికలో షేర్లు లేని ఖాతాలను చేర్చాలా అని అడిగే గడి ఒకటి ఉంటుంది, దాన్ని ఖాళీ చేస్తే చాలు. క్వికెన్‌లో సెక్యూరిటీల (షేర్లు, ఫండ్లు వంటివాటి) జాబితాకు వెళ్ళి ఆ షేరును దాచమని చెప్పవచ్చు. కొన్నిట్లో ధరలు గమనించే వాచ్‌లిస్ట్ వేరుగా ఉంటుంది. అందులో పేరు ఉండడానికి, చేతిలో షేరు ఉండడానికి సంబంధం లేదు. అయితే సున్నా నిజంగా సున్నాయేనా అన్నది దశాంశ స్థానాలు పెంచి చూడాలి. తెరపై 0.00 అని ఉన్నది లోపల 0.0003 కావచ్చు, అప్పుడు సున్నా నిల్వలను దాచమన్నా అది దాగదు.

అమ్మకం నగదుగా మాత్రమే నమోదైనప్పుడు

అన్నిటికన్నా తరచుగా జరిగేది, అందరికన్నా ఎక్కువగా తికమక పెట్టేది ఇది. అమ్మిన సొమ్ము బ్యాంకుకు వచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి ఆ జమ సాఫ్ట్‌వేర్‌లోకి దిగింది. దానికి ఏదో ఒక ఆదాయ వర్గం కేటాయించి పద్దు ముగిసిందనుకున్నాం. పెట్టుబడి ఖాతా వైపు మాత్రం ఏమీ జరగలేదు. అక్కడి షేర్లు అలాగే ఉన్నాయి, వాటికి ధరలు రోజూ దిగుతూనే ఉన్నాయి, విలువ పెరుగుతూ తరుగుతూనే ఉంది.

ఒక ఉదాహరణతో చూద్దాం. 100 షేర్లను ఒక్కొక్కటి 250 చొప్పున అమ్మారు, బ్రోకర్ రుసుము 40 అయింది. అంటే స్థూల మొత్తం 25,000, చేతికి వచ్చినది 24,960. పెట్టుబడి ఖాతాలో అమ్మకం అనే రకంతో ఒక పద్దు రాయాలి. అందులో షేరు పేరు, అమ్మిన తేదీ, సంఖ్య 100, ధర 250, రుసుము 40 వేటికవి వేరుగా ఉండాలి. దీనితో షేర్లు సున్నా అవుతాయి, ఆ ఖాతాలోని నగదు 24,960 పెరుగుతుంది. ఇక్కడితో ఆగితే ఒక తప్పును సరిదిద్ది ఇంకొకటి తెచ్చుకున్నట్లే, ఎందుకంటే బ్యాంకు ఖాతాలో అంతే మొత్తం ఆదాయంగా ఇంతకుముందే కూర్చుని ఉంది. ఆ బ్యాంకు పద్దును తొలగించకుండా, దాని వర్గాన్ని ఆదాయం నుంచి పెట్టుబడి ఖాతా నుంచి వచ్చిన బదిలీగా మార్చాలి. అప్పుడు పెట్టుబడి ఖాతాలోని నగదు మళ్ళీ సున్నాకు వస్తుంది, బ్యాంకు నిల్వ చెక్కుచెదరదు, అమ్మకం వల్ల వచ్చిన లాభమో నష్టమో మాత్రమే ఆదాయ నివేదికకు చేరుతుంది.

పెట్టుబడి ఖాతాలో నగదు 24,960 మిగిలిపోతే బదిలీ ఇంకా జరగలేదన్నమాట. రుణ సంఖ్యగా, అంటే మైనస్ 24,960 చూపితే బదిలీ ఉంది గానీ అమ్మకం లేదన్నమాట. నగదు నిల్వ ఇలా తప్పును సూటిగా చూపిస్తుంది కాబట్టి, పెట్టుబడి ఖాతాను నగదు భాగంతో కలిపి నడపడమే మేలని నా అభిప్రాయం. నగదు భాగం లేకుండా నేరుగా బ్యాంకుతో ముడివేసి నడిపే ఖాతాల్లో ఈ సూచన దొరకదు, తప్పు నెలల తరబడి కంటికి కనబడదు.

చేతికి వచ్చిన 24,960 నే 100 తో భాగించి ధరగా రాసే అలవాటు కూడా కొందరికి ఉంటుంది. షేర్ల సంఖ్య సరిపోతుంది, నగదు సరిపోతుంది, రుసుము ఎంతన్నది మాత్రం శాశ్వతంగా మాయమవుతుంది.

అమ్మకం ఉంది, కానీ ఇంకో పేరు మీద

పద్దుల్లో వెతికితే అమ్మకం కనబడుతుంది, తేదీ సరే, సంఖ్య సరే, అయినా షేరు జాబితాలో ఉంటుంది. ఇలాంటప్పుడు సెక్యూరిటీల పూర్తి జాబితా తెరిచి, దాచినవాటిని కూడా చూపమని చెప్పి, ఒకే సంస్థ రెండు పేర్లతో ఉందేమో చూడండి. పాత కొనుగోళ్ళు మీరు చేత్తో టైపు చేసిన పేరు మీద, కొత్త అమ్మకం బ్రోకర్ ఫైలులో వచ్చిన పేరు మీద ఉంటే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు షేర్లు. ఒకదానిలో 100 మిగిలి, రెండవదానిలో రుణ 100 నిలుస్తుంది. రుణ సంఖ్యలు మీ నివేదికలో కనబడకుండా ఉంటే రెండవది మీ కంట పడదు.

పేర్ల మార్పు కూడా దీనికి కారణమవుతుంది. ఫేస్‌బుక్ సంస్థ 2021 అక్టోబరులో తన పేరును మెటాగా మార్చుకుంది. మార్కెట్‌లో దాని టిక్కర్ (షేరును సూచించే పొట్టి గుర్తు) మాత్రం 2022 జూన్‌లో గానీ ఎఫ్‌బీ నుంచి మెటాగా మారలేదు. ఎఫ్‌బీ అనే గుర్తుతో కొని, ఆ తరువాత అమ్మిన వారి పద్దుల్లో ఈ రెండు గుర్తులు రెండు షేర్లుగా విడిపోయే అవకాశం ఉంది. టిక్కర్‌ను నమ్ముకోవడం కన్నా 12 అక్షరాల ఐసిన్ సంఖ్యను (ప్రతి సెక్యూరిటీకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) పోల్చి చూడడం మేలు, ఎందుకంటే ఉత్త పేరు మార్పుకు టిక్కర్ మారినంత సులువుగా ఐసిన్ మారదు. విలీనాలు, స్ప్లిట్ల వంటి వాటిలో అది కూడా మారవచ్చు.

దీనికి సరైన మందు, తప్పు పేరు మీదున్న ప్రతి లావాదేవీని తెరిచి షేరు పేరును సరైనదానికి మార్చడం. మీ సాఫ్ట్‌వేర్‌లో రెండు సెక్యూరిటీలను విలీనం చేసే వీలుంటే ఇంకా సుఖం. ఏ ఒక్క పద్దూ మిగలలేదని నిర్ధారించుకున్న తరువాతే ఖాళీ అయిన పేరును తొలగించాలి. బ్రోకర్ ఫైలుతో ముడిపడి ఉన్నది రెండింటిలో ఏ పేరో చూసి, దాన్నే ఉంచుకోవాలి. లేకపోతే మరుసటి దిగుమతిలో ఆ రెండవ పేరు మళ్ళీ పుట్టుకొస్తుంది.

పేరు సరైనదే అయి, ఖాతా తప్పు కావడం దీనికి తోబుట్టువు. ఒకే బ్రోకర్ దగ్గర రెండు ఖాతాలు ఉన్నవారికి, కుటుంబంలో ఇద్దరి లెక్కలను ఒకే ఫైలులో రాసేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. ఖాతాల వారీగా కాక, ఫైలు మొత్తానికి ఆ షేరు లావాదేవీల నివేదిక తీస్తే అమ్మకం ఎక్కడ చిక్కుకుందో వెంటనే బయటపడుతుంది.

తేదీలు

03/04 అన్నది మార్చి 4 అని ఒకరు, ఏప్రిల్ 3 అని ఇంకొకరు చదువుతారు. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. దిగుమతిలో ఈ తారుమారు జరిగి అమ్మకం రాబోయే నెల తేదీతో నమోదైతే, ఆ తేదీ వచ్చేదాకా షేర్లు జాబితాలో ఉంటాయి, తరువాత వాటంతట అవే పోతాయి. అలా పోవడం చూసి సమస్య తీరిందని సంతోషించేవారు కూడా ఉన్నారు, లాభం తప్పు నెలలో పడిందన్న సంగతి గమనించకుండా.

అమ్మిన తేదీకి, సొమ్ము చేతులు మారే సెటిల్‌మెంట్ తేదీకి మధ్య తేడా ఉంటుంది. దాన్ని టి+1, టి+2 అని అంటారు; అంటే అమ్మిన రోజు తరువాత ఒక పనిదినం, రెండు పనిదినాలు అని. షేర్ల లెక్కకు అమ్మిన తేదీనే వాడాలి. సెటిల్‌మెంట్ తేదీతో రాస్తే మధ్యలో వచ్చే ఆ ఒకటి రెండు రోజుల పాటు షేర్లు కనబడడం సహజం. అది నెలాఖరులోనో ఆర్థిక సంవత్సరం చివరనో వస్తే మాత్రం బ్రోకర్ స్టేట్‌మెంట్‌తో లెక్క కుదరదు.

స్ప్లిట్‌లు

ఎన్‌విడియా 2024 జూన్‌లో ఒక షేరును పది షేర్లుగా విడగొట్టింది. 10 షేర్లున్న వ్యక్తికి 100 అయ్యాయి. ఆ 100 అమ్మేశాడు. స్ప్లిట్ పద్దు లేకపోతే సాఫ్ట్‌వేర్ రుణ 90 చూపుతుంది. అదే పద్దు, చేత్తో ఒకసారి, బ్రోకర్ ఫైలు నుంచి ఒకసారి, మొత్తం రెండుసార్లు చేరితే 10 కాస్తా 1,000 అయి, 100 అమ్మిన తరువాత 900 మిగులుతాయి. ఇంకా విచిత్రమైనది తేదీల వరుస తారుమారు కావడం. అమ్మకం ముందు, స్ప్లిట్ తరువాత నమోదైతే, మొదట రుణ 90 వచ్చి, దానికి కూడా స్ప్లిట్ వర్తించి రుణ 900 అవుతుంది. ఒకే తేదీన రెండూ ఉంటే సాఫ్ట్‌వేర్ ఏ వరుసలో లెక్కిస్తుందో చెప్పలేం కనుక, స్ప్లిట్‌ను అది అమలైన అసలు తేదీకే కట్టిపెట్టాలి.

షేర్లు కలిసిపోయే రివర్స్ స్ప్లిట్ అయితే మిగులు ధన సంఖ్యగా కనబడుతుంది. జనరల్ ఎలక్ట్రిక్ 2021లో ఎనిమిది షేర్లను ఒకటిగా చేసింది. 80 ఉన్న వారికి 10 అయ్యాయి, ఆ 10 అమ్మారు. స్ప్లిట్ పద్దు లేని ఫైలులో 70 షేర్లు మిగిలినట్లు ఉంటుంది, అదీ కలిసిన తరువాతి పెద్ద ధరతో హెచ్చవేసి. ఆస్తి విలువ ఒక్కసారిగా ఎందుకు ఉబ్బిందో అర్థం కాక తల పట్టుకునేది ఇలాంటప్పుడే.

విలీనాల్లో, సంస్థ మూతపడినప్పుడు కూడా షేర్లు మన ప్రమేయం లేకుండానే పోతాయి. విలీనంలో పాత షేర్లు పోయి కొత్తవి వచ్చినట్లు రాయాలి. విలువే లేకుండా పోయిన షేర్లకు సున్నా ధరకు అమ్మినట్లు పద్దు రాస్తే నష్టం కూడా లెక్కలోకి వస్తుంది.

చిల్లర ముక్కలు

డివిడెండ్‌ను తిరిగి పెట్టుబడి పెట్టే ఫండ్‌లో 50 డివిడెండ్ వచ్చింది, యూనిట్ ధర 17.45 అనుకుందాం. భాగిస్తే 2.86533 వస్తుంది. ఫండ్ సంస్థ మూడు దశాంశాలకు కుదించి 2.865 యూనిట్లు ఇచ్చింది. మీ సాఫ్ట్‌వేర్ నాలుగు దశాంశాలు ఉంచి 2.8653 అనుకుంది. తేడా 0.0003. ఇలాంటి డివిడెండ్లు ఏళ్ళ తరబడి వస్తే తేడాలు పేరుకుంటాయి, సంస్థ చెప్పిన మొత్తం యూనిట్లను అమ్మిన తరువాత కూడా మీ దగ్గర ఒక తునక మిగులుతుంది. మొత్తం, ధర ఇచ్చి యూనిట్లను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా, మొత్తం, యూనిట్లు ఇచ్చి ధరను దానికి వదిలేయడం దీనికి శాశ్వత పరిష్కారం. యూనిట్లు ఎప్పుడూ స్టేట్‌మెంట్‌లో ఉన్నవే కావాలి. గ్నూక్యాష్‌లో సెక్యూరిటీ ఎడిటర్‌కు వెళ్ళి, ఆ ఫండ్‌ను ఎంత చిన్న భాగం వరకు లెక్కించాలో కూడా చూడండి. మూడు దశాంశాల ఫండ్‌కు వందో వంతు వరకే అని పెట్టి ఉంటే ప్రతి పద్దూ గుండ్రించబడుతుంది.

కంప్యూటర్ తన వంతు ముక్కలను తానూ చేరుస్తుంది. ద్విసంఖ్యా పద్ధతిలో దశాంశాలను నిల్వచేసే ప్రోగ్రాములో 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతిలో లెక్కించేదైతే, అన్నీ సరిగా రాసినా పదమూడో పద్నాలుగో దశాంశంలో ఏదో మిగలవచ్చు.

ఇటువంటి చిల్లర కోసం పదేళ్ళ పద్దులు తిరగేయనక్కరలేదు. అమ్మకం పద్దులో అన్ని షేర్లూ అమ్మినట్లు సూచించే ఎంపిక ఉంటే వాడండి. లేకపోతే అమ్మిన తేదీనే ఆ తునకను షేర్ల తొలగింపు పద్దుతో తీసివేసి, గుండ్రింపు సవరణ అని పక్కన రాయండి. అక్షరాలా వెయ్యో వంతు యూనిట్ల విషయంలో మాత్రమే ఈ వెసులుబాటు. పది షేర్ల తేడాకు ఇదే మందు వేస్తే రోగం లోపలికి పోతుంది.

రెండుసార్లు పడిన పద్దులు, సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసినవి

బ్యాంకులు, బ్రోకర్ల నుంచి దించుకునే ఓఎఫ్‌ఎక్స్ రకం ఫైలులో ప్రతి లావాదేవీకీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక, అదే ఫైలును రెండుసార్లు దించినా సాఫ్ట్‌వేర్ సాధారణంగా పట్టుకుంటుంది. సీఎస్‌వీ ఫైళ్ళకు, క్వికెన్ పాత రకమైన క్యూఐఎఫ్ ఫైళ్ళకు అటువంటి రక్షణ లేదు. నెలలు ఒకదానిమీద ఒకటి ఎక్కేలా తేదీలు ఇచ్చి దించుకున్నవారి ఖాతాల్లో కొనుగోళ్ళు జంటలుగా కనబడతాయి. ఒక జంటలో ఒకదాన్ని తీసేముందు రెండూ నిజంగా ఒకటేనని స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి. ఒకే రోజు ఒకే ధరకు ఒకే సంఖ్యలో రెండుసార్లు కొన్న సందర్భాలు లేకపోలేదు.

క్వికెన్ వాడేవారు ప్లేస్‌హోల్డర్ పద్దుల గురించి తెలుసుకోవాలి. బ్రోకర్ చెప్పిన నిల్వకు, ఫైలులోని లావాదేవీల లెక్కకు తేడా వచ్చినప్పుడు, ఆ తేడాను పూడ్చడానికి క్వికెన్ పెట్టే పద్దు ఇది. ఆ తేదీన మీ దగ్గర ఇన్ని షేర్లు ఉన్నాయని అది ఖాయం చేసేస్తుంది. దానికి ముందు తేదీతో మీరు అమ్మకం రాసినా జాబితాలోని సంఖ్య కదలదు. అమ్మకం పద్దు కళ్ళెదుటే ఉండి షేర్లు తగ్గకపోతే, రిజిస్టర్‌లో ప్లేస్‌హోల్డర్లను చూపమని చెప్పి వెతకండి. అసలు చరిత్రను రాసి దాన్ని తొలగించడమే పద్ధతి.

అమ్మేనాటికి కొనుగోలు పద్దు ఇంకా రాయకపోతే, లేని షేర్లు అమ్ముతున్నారు గనుక ఇది షార్ట్ సేల్ కావచ్చునని కొన్ని సాఫ్ట్‌వేర్లు అనుకుంటాయి. ఆ ప్రశ్నకు తొందరలో అవునన్న పుణ్యానికి నేనొకసారి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తరువాత కొనుగోలు రాసినా అది లాంగ్ (చేతిలో ఉన్న షేర్లు) ఒక వరుస, షార్ట్ మరో వరుసగా విడివిడిగా నిలుస్తాయే గానీ ఒకదానినొకటి రద్దు చేసుకోవు. అమ్మకం పద్దు రకాన్ని మామూలు అమ్మకంగా మార్చగానే రెండూ మాయమవుతాయి.

ఎక్కడ తప్పిందో అంతుపట్టకపోతే

పైన చెప్పిన ఏ పోలికా కుదరకపోతే, బ్రోకర్ పాత స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని సగాలుగా చీలుస్తూ వెతకాలి. మీ చరిత్ర ఎనిమిదేళ్ళదైతే నాలుగో ఏడు చివరి తేదీకి నివేదిక తీసి, షేర్ల సంఖ్యను ఆనాటి స్టేట్‌మెంట్‌తో పోల్చండి. కలిస్తే తప్పు తరువాతి నాలుగేళ్ళలో ఉంది, కలవకపోతే ముందు నాలుగేళ్ళలో. మళ్ళీ అందులో సగం. ఎనిమిదేళ్ళలోని తొంభై ఆరు నెలల్లో తప్పున్న నెలను పట్టుకోవడానికి ఏడు పోలికలకు మించి పట్టదు. మొదటి పద్దు నుంచి వరుసగా చదువుకుంటూ రావడం కన్నా ఇది ఎంతో తేలిక, కళ్ళకూ మంచిది.

ఫైలే పాడైందేమోనన్న అనుమానం చాలామందికి మొదటే వస్తుంది. నిజానికి అది చివర రావలసిన అనుమానం. క్వికెన్‌లో వాలిడేట్ అండ్ రిపేర్, అందులో పెట్టుబడి లాట్‌లను తిరిగి కట్టే ఎంపిక, గ్నూక్యాష్‌లో చెక్ అండ్ రిపేర్ ఇందుకోసమే ఉన్నాయి. లాట్ అంటే ఒక కొనుగోలులో వచ్చిన షేర్ల గుంపు. పాత కొనుగోలును దిద్దినప్పుడు ఏ అమ్మకం ఏ లాట్ నుంచి జరిగిందన్న ముడి తెగిపోయి, మొత్తం సున్నా అయినా ఒక లాట్‌లో షేర్లు మిగిలినట్లు కనబడవచ్చు. ఆ ముడిని మళ్ళీ వేస్తే సరిపోతుంది. లేని పద్దును మాత్రం ఏ మరమ్మతు పరికరమూ పుట్టించలేదు.

తెచ్చి చూపే తరహా సాఫ్ట్‌వేర్‌లో

ఇక్కడ మీ పద్దుల తప్పు ఉండదు, అందిన సమాచారం పాతబడి ఉంటుంది. ఆఖరిసారి ఎప్పుడు తాజా అయిందో ఖాతా పక్కన ఉండే తేదీని ముందు చూడండి. పాస్‌వర్డ్ మారినా, బ్రోకర్ అనుమతి గడువు తీరినా అనుసంధానం చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది, పాత జాబితా అలాగే ఉండిపోతుంది. అనుసంధానం పనిచేస్తూనే ఉండి, ఖాతాలోని షేర్లన్నీ ఒకేసారి అమ్మేసినప్పుడు ఇంకో చిక్కు రావచ్చు. బ్రోకర్ పంపే నిల్వల జాబితా ఖాళీగా వస్తుంది; ఖాళీ జాబితాను ఏమీ లేదని కాక, సమాచారం రాలేదని అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ పాత నిల్వలనే ఉంచుతుంది. ఆ ఖాతాను బ్రోకర్ దగ్గరే మూసేస్తే ఇక ఏ సమాచారమూ రాదు. అప్పుడు ఖాతాను సాఫ్ట్‌వేర్‌లో అనుసంధానం తెంచి, మూసిన తేదీతో ముగించాలి.

అనుసంధానాన్ని తెంచి మళ్ళీ కలపడం పనిచేస్తుంది గానీ, అలా కలిపినప్పుడు పాత ఖాతాకు జత చేయాలా, కొత్త ఖాతా తెరవాలా అని వచ్చే ప్రశ్నను చదివి జవాబివ్వాలి. కొత్తదని చెబితే అసలు ఖాతా ఒకటి, దాని పాత నీడ ఒకటి పక్కపక్కనే నిలిచి, అమ్మినవే కాదు, అమ్మనివి కూడా రెండేసి కనబడతాయి.

తొలగింపు ఎందుకు వద్దంటున్నాను

సెక్యూరిటీని తొలగిస్తే దానితో పాటు దాని లావాదేవీలన్నీ పోవచ్చు. కొనుగోలు పద్దు పోగానే, దానికోసం అప్పట్లో ఖర్చయిన నగదు తిరిగి ఖాతాలో చేరినట్లవుతుంది. పాత సంవత్సరాల డివిడెండ్లు, పన్ను కోసం చూపిన లాభాలు, ఆనాటి ఆస్తి విలువ అన్నీ వెనక్కు వెళ్ళి మారిపోతాయి. షేర్ల తొలగింపు పద్దు అంత ప్రమాదకరం కాకపోయినా, దానిలో ధర ఉండదు కనుక లాభనష్టాల లెక్క పుట్టదు. పాత కాగితాలు ఏవీ దొరకని సందర్భంలో, అమ్మిన తేదీతో, కారణం రాసి, దాన్ని ఆఖరి దారిగా వాడుకోవచ్చు.

దిద్దుబాటు పూర్తయిన తరువాత మూడు చోట్ల సరిచూడండి: అమ్మిన మరునాటి తేదీకి షేర్ల సంఖ్య సున్నా కావాలి, అదే తేదీకి పెట్టుబడి ఖాతాలోని నగదు బ్రోకర్ స్టేట్‌మెంట్‌తో కలవాలి, ఆ సంవత్సరపు మూలధన లాభం బ్రోకర్ ఇచ్చిన లెక్కతో కలవాలి. మొదటి రెండూ కలిసి మూడవది మాత్రం తేడాగా ఉంటే, సాధారణంగా కొనుగోలు ధరలోనో, ఏ లాట్ అమ్మారన్న ఎంపికలోనో తేడా ఉంటుంది. ముందు కొన్నవి ముందు అమ్మినట్లు మీరు, సగటు ధరతో బ్రోకర్ లెక్కించారేమో చూసి, బ్రోకర్ వాడిన పద్ధతినే ఖాతా అమరికల్లో ఎంచుకుని ఆ నివేదికను మరోసారి తీయండి.